మెచ్చిన సినిమాలు, మనం లేని సినిమాలు: వల్లూరు వాడల నుంచి ఒక చరిత్ర

తెలుగులో గొప్ప సినిమాలేవని అడిగితే పత్రికలూ పండితులూ ఏళ్ళ తరబడి ఒకే జాబితా చెబుతున్నారు. మల్లీశ్వరి, పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, ఆపైన శంకరాభరణం. తెలుగువాళ్ళందరి అభిరుచీ ఇదేనన్నట్టు రాస్తారు. కడప జిల్లా వల్లూరు చుట్టుపట్ల మాల, మాదిగ వాడల్లో అదే ప్రశ్న వేస్తే ఈ పేర్లూ వస్తాయి, కాదనం. వాటి పక్కన వేరే పేర్లు కూడా వస్తాయి. బ్రహ్మంగారి చరిత్ర, కరుణామయుడు, ఒసేయ్ రాములమ్మ. పడుచోళ్ళ నోట పలాస, తమిళం నుంచి డబ్బింగ్ అయి వచ్చిన జైభీమ్. పేరు చెప్పడంతో మాట ఆగదు. "అది మన సినిమా అంటావా?" అని ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఇంక తగువు మొదలవుతుంది.

ఆ తగువును కాలక్షేపం కబుర్లుగా కాక చరిత్రగా చూడాలన్నది మా ఉద్దేశం. తెలుగు సినిమా చరిత్ర రాసినవాళ్ళు తీసినవాళ్ళ గురించి రాశారు, నటించినవాళ్ళ గురించి రాశారు. నేల మీద కూర్చుని చూసినవాళ్ళు ఏమనుకున్నారో, ఏది మెచ్చి ఏది మింగలేకపోయారో రాసిపెట్టలేదు. చూసేవాడికి తీర్పు చెప్పే తెలివి ఉండదని, వాడు ఈలలు వేయడానికే పుట్టాడని అగ్రవర్ణ విమర్శ నమ్ముతుంది. మేము నమ్మం.

జిల్లాకీ తెరకీ ఉన్న చుట్టరికం

వల్లూరు ఈ రోజు ఒక మండల కేంద్రం. 13వ శతాబ్దంలో కాయస్థ అంబదేవుడికి రాజధాని. పెన్న ఒడ్డున పుష్పగిరి గుళ్ళు ఈ మండలంలోవే. కమలాపురం, ఎర్రగుంట్ల దాటితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఇటు తిరిగితే పులివెందుల. తెలుగు సినిమాకు ఈ నేల ఇచ్చిన మనుషులు తక్కువేం కాదు. వాహినీ సంస్థను నడిపిన బి.ఎన్. రెడ్డి పులివెందుల దగ్గరి కొత్తపల్లెలో 1908లో పుట్టారు. ఆయన తమ్ముడు, విజయా సంస్థ అధిపతి బి. నాగిరెడ్డి 1912లో పొట్టిపాడులో పుట్టారు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు 1974లో అన్నకు, 1986లో తమ్ముడికి వచ్చింది. హాస్యనటుడు పద్మనాభం సింహాద్రిపురం మనిషి. శాంతకుమారిది ప్రొద్దుటూరు. వాహినీ వాళ్ళతో కలిసి పనిచేసిన దర్శకుడు కె.వి. రెడ్డిది పక్కనే ఉన్న తాడిపత్రి.

అంటే పండితుల జాబితాలోని సినిమాల్లో సగానికి పైగా మా ఊళ్ళకు బస్సు దూరంలో పుట్టిన మనుషులు తీసినవే. మల్లీశ్వరి (1951) అన్నది, పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) తమ్ముడి సంస్థవి. మా పెద్దలకు ఈ సంగతి గర్వంగానే ఉంటుంది. "మన సీమోళ్ళు తీసినారబ్బీ" అంటారు. మాకూ గర్వమే. అయితే ఆ ఊళ్ళల్లో ఊరి బయట వాడ ఒకటుందని, అందులో మనుషులున్నారని ఆ సినిమాలు చూసి ఎవరికైనా తెలుస్తుందా? ఈ మాట అడిగితే గర్వానికి అడ్డుపడినట్టు చూస్తారు. అయినా అడగాల్సిందే.

మిస్సమ్మనే తీసుకుందాం. ఎన్నిసార్లు చూసినా నవ్వొచ్చే సినిమా. మొగుడూ పెళ్ళాలైన పట్టభద్రులకే బడిలో ఉద్యోగం అంటే, ఒక హిందూ యువకుడు, మేరీ అనే క్రైస్తవ యువతి దంపతులమని అబద్ధం చెప్పి చేరతారు. సావిత్రి వేసిన మేరీ పాత్ర వాడలో ఆడపిల్లలకు బలే ఇష్టం. చదువుకున్న పిల్ల, ఉద్యోగం చేసే పిల్ల, నోరున్న పిల్ల. జమ్మలమడుగు ప్రాంతపు మాలవాడల్లో లండన్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్దం నుంచీ పనిచేసింది. మిషన్ బడిలో అక్షరం నేర్చుకుని టీచరో నర్సో అయిన ఆడవాళ్ళు మా చుట్టాల్లో ఉన్నారు. వాళ్ళకు మేరీ ఎంత దగ్గరి మనిషో చెప్పక్కర్లేదు. మరి చివర ఏమైంది? పాదం మీద పుట్టుమచ్చ చూసి, మేరీ నిజానికి జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేల్చారు. అప్పుడే పెళ్ళికి అడ్డు తొలగింది.

దీని మీద మాలో మాకే ఒప్పుదల లేదు. "అది నవ్వులాట సినిమా, దాంట్లో కులం వెతుకుతావేంది?" అని ఒక పెద్దాయన అంటాడు. "మేరీ మేరీగానే ఉండి పెళ్ళి చేసుకుంటే నవ్వు రాదా?" అని ఒక టీచరక్క అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినోళ్ళు మాకు దొరకలేదు. మేము ఇప్పటికీ మిస్సమ్మ చూస్తాం, నవ్వుతాం. పుట్టుమచ్చ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగుతుంది.

నేల టిక్కెట్టు

సినిమా గురించి మాట్లాడేముందు హాలు గురించి చెప్పుకోవాలి. గుడిలోకి రానీయరు. హోటల్లో గ్లాసు వేరు. రచ్చబండ మీద కూర్చోనీయరు. అట్లాంటి రోజుల్లో టూరింగ్ టాకీసు అనే డేరా వచ్చింది. అందులో కుర్చీ, బెంచీ, నేల అని మూడు తరగతులు. ఆ తరగతులు డబ్బును బట్టి. శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి తమిళ సినిమా మీద రాస్తూ, అన్ని కులాలవాళ్ళూ ఒకే కప్పు కింద కూర్చుని ఒకే ప్రదర్శన చూసిన మొదటి చోటు సినిమాహాలేనని గుర్తించాడు. తెలుగునాట కూడా ఆ మాట చాలావరకు నిజం.

మా జేజి తరం వాళ్ళు చెప్పే మాటలు వేరే తీరుగా ఉంటాయి. "నేల మీదైనా మనోళ్ళు ఒక పక్కకే కూచుంటాంటిమి. ఎవరూ చెప్పల్యా, మాకే తెలుసు." డబ్బులిచ్చి టిక్కెట్టు కొన్నా ఊరి కట్టుబాటు డేరాలోకి నడిచి వచ్చి మన పక్కనే కూర్చునేది. ఇంకో మాట కూడా చెబుతారు. సాయంత్రం ఆట ఉందని ఊరూరా తిరిగే బండి ముందు డప్పు కొట్టింది మాదిగలే. ఊరందరినీ సినిమాకు పిలిచిన డప్పు వాళ్ళది. తెర మీద మాత్రం ఆ డప్పు ఎక్కువగా జాతర పాటలోనో, దున్నపోతును నరికేటప్పుడో వినపడేది.

హాల్లో మన చోటు ఎంత అస్థిరమో చుండూరు చూపించింది. గుంటూరు జిల్లా చుండూరులో 1991 జూలైలో, సినిమాహాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని రెడ్డి యువకుడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణ దాకా పెరిగింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

చుండూరుకు మూలం సినిమాహాలు కాదని మాకు తెలుసు. చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, తలెత్తి నడుస్తున్న దళితుల మీద కడుపుమంట దాని మూలం. అయినా ఆ మంటకు రాజుకోవడానికి సినిమాహాలే చోటు కావడం ఆలోచించదగ్గది. బెంచీ మీద వెనక వరసలో కూర్చుని, కాలు చాపుకుని, ఊళ్ళో దొర కొడుకుతో సమానంగా సినిమా చూడడం మనకు హక్కుగా ఎవరూ ఇవ్వలేదు. పోరాడి తెచ్చుకున్నాం. ఆ హక్కుతోనే ఇప్పుడు సినిమా బాగుందనీ బాగాలేదనీ అంటున్నాం.

మాలపిల్ల ఎవరి కథ?

వాడ పేరు తెలుగు తెర మీద గట్టిగా వినిపించింది 1938లో. గూడవల్లి రామబ్రహ్మం సారథి సంస్థ తరఫున మాలపిల్ల తీశారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. మాలపిల్ల శంపాలత వేషం కాంచనమాల వేసింది. బ్రాహ్మణ యువకుడు నాగరాజు ఆమెను ప్రేమిస్తాడు. ఆలయ ప్రవేశం కోసం ఊళ్ళో పోరాటం నడుస్తుంది. తండ్రి సుందరరామశాస్త్రి కరడుగట్టిన ఛాందసుడు. ఇల్లు తగలబడినప్పుడు ఆ ఇంటివాళ్ళను కాపాడింది హరిజనులేనని చూసి మనసు మార్చుకుంటాడు. పెళ్ళిని ఒప్పుకుంటాడు, గుడి తలుపులూ తెరుచుకుంటాయి.

ఈ సినిమాను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. రెండేళ్ళ ముందు, 1936లో బొంబాయి టాకీస్ వాళ్ళు తీసిన అచ్యుత్ కన్యలో అంటరాని పిల్ల ప్రేమకు చావే ముగింపు. మాలపిల్ల బతికింది, పెళ్ళి చేసుకుంది. అగ్రహారాల్లో అలజడి పుట్టించింది. ఆ రోజుల్లో అది సాహసమే. మాల అనే మాటను సినిమా పేరులో పెట్టి గోడల నిండా అతికించడం కూడా చిన్న సంగతి కాదు.

సాహసం ఎవరిది, మార్పు ఎవరిది అని విడదీసి చూద్దాం. కథలో మనసు మారింది శాస్త్రికి. ఆ మార్పుకు కారణం మన వాళ్ళ మంచితనం. మంటల్లోకి దూకి ప్రాణాలు కాపాడితే గానీ మనం మనుషులమని ఒప్పుకోలేదు. మన మనిషితనానికి పరీక్ష పెట్టి, మార్కులు వేసింది అగ్రహారం. గాంధీ 1933-34లో దేశమంతా చేసిన హరిజన యాత్ర తర్వాత వచ్చిన సినిమా ఇది. అందుకే గాంధీ మాటే అందులో వినిపిస్తుంది. మరి అప్పటికి మనం మాట్లాడలేదా? 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ పెట్టుకుని మనం ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నాం. కుసుమ ధర్మన్న రాజమండ్రి నుంచి రాస్తూనే ఉన్నాడు. అంబేడ్కర్ 1936లో కుల నిర్మూలన అచ్చేశాడు. కులాంతర వివాహం అసలు మందు అంటూనే, కులాన్ని నిలబెట్టే శాస్త్రాల మీద నమ్మకం పోకపోతే ఆ మందు ఎక్కదని తేల్చి చెప్పాడు. శాస్త్రం జోలికి పోకుండా శాస్త్రిగారి మనసు మార్చి పెళ్ళి జరిపించడం మాలపిల్ల చూపిన దారి. తర్వాత వచ్చిన సినిమాలు చాలా కాలం ఆ దారినే పోయాయి.

ఇక్కడ కేరళ సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. మలయాళ మొదటి సినిమా విగతకుమారన్‌లో నాయిక పి.కె. రోసీ దళిత స్త్రీ. తెర మీద నాయర్ స్త్రీగా కనిపించినందుకు తిరువనంతపురంలో జనం రాళ్ళు రువ్వారు, ఆమె ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చింది. వేరేవాళ్ళు మన వేషం వేస్తే సంస్కరణ అన్నారు. మన పిల్ల వాళ్ళ వేషం వేస్తే రాళ్ళు వేశారు. ఇంకొక మాట. మాలపిల్ల పేరుతో సినిమా వచ్చింది. మాదిగపిల్ల అడిగితే ఏం చెబుదాం? దండోరా తర్వాత ఈ ప్రశ్నను తప్పించుకుని ఎవరూ సినిమా చరిత్ర రాయలేరు.

అగ్రహారం మనసు మార్చే పని

మాలపిల్ల తర్వాత నలభై ఏళ్ళకు పైగా గడిచినా దారి మారలేదు. కె. విశ్వనాథ్ సప్తపది 1981లో వచ్చింది. పూజారి ఇంటి పిల్ల, వేణువు వాయించే హరిజన యువకుడు ప్రేమించుకుంటారు. ఆమెకు మేనబావతో పెళ్ళి అవుతుంది. చివరికి తాతగారే ఆలోచించి ఆమెను ప్రేమించినవాడి దగ్గరికి పంపిస్తాడు. బాలచందర్ రుద్రవీణ 1988లో వచ్చింది. సంగీత విద్వాంసుడి కొడుకు కింది కులపు అమ్మాయిని ప్రేమిస్తాడు, తండ్రి చివరికి దిగివస్తాడు. రెండింటికీ జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు వచ్చింది. రెండింట్లోనూ సంగీతం గొప్పది. మేమూ ఆ పాటలు పాడుకున్నాం.

1938లో శాస్త్రి, 1981లో తాత, 1988లో తండ్రి. కథ నడిపేది వీళ్ళ మనసే. హరిజన యువకుడు వేణువు పట్టుకుని నిలబడి, లోపల తీర్పు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. వాడి తల్లి ఎవరు, వాడి వాడలో నీళ్ళు యాడ నుంచి తెచ్చుకుంటారు, వాడిని ఎవరు ఎట్లా పిలుస్తారు అన్నది కథకు అక్కర్లేదు. ఈ రెండు సినిమాల నడుమ, 1985 జూలై 17న కారంచేడు జరిగింది. తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగువులో ఆరుగురు దళితులను చంపారు. అక్కడ ఏ పెద్దాయన మనసూ మారలేదు. ఆ ఊరివాళ్ళు చీరాలలో శిబిరం పెట్టుకుని, దళిత మహాసభ కట్టుకుని పోరాడాల్సి వచ్చింది. తెర మీద కథ, నేల మీద చరిత్ర ఎంత ఎడంగా నడిచాయో ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ఈ వరసలో పక్కకు జరిగి నిలబడే సినిమా ఒకటుంది. రంగనాయకమ్మ నవల ఆధారంగా దాసరి నారాయణరావు 1975లో తీసిన బలిపీఠం. శోభన్‌బాబు వేసిన భాస్కర్ హరిజనుడు. బ్రాహ్మణ వితంతువును పెళ్ళి చేసుకుంటాడు. మిగతా సినిమాలు పెళ్ళి దగ్గర ఆగితే ఇది పెళ్ళి నుంచి మొదలవుతుంది. ఆమెలో కులం చావలేదు. మొగుడి మీద ప్రేమ ఉంది, అతని చుట్టాలంటే రోత ఉంది. ఆ రోత కాపురాన్ని ఎట్లా నలిపిందో సినిమా చూపించింది. మా వాడలో కులాంతర పెళ్ళి చేసుకున్న ఒకాయన, "మిగతావన్నీ పెండ్లి పత్రికలు, ఇదొక్కటే కాపురం" అన్నాడు. ఇంతకంటే మంచి విమర్శ మేము చదవలేదు. ఆ మాటలో చేదు కూడా ఉంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్ళముందే ఒక దళిత క్రైస్తవ యువకుణ్ణి నరికి చంపించారు. ఆ పిల్ల తండ్రి మనసు మార్చే మంట ఏ ఇంట్లోనూ అంటుకోలేదు.

మనం మనవి చేసుకున్నవి

తెర మీద మనం లేకపోతే, ఉన్నవాటిలోనే మన వాటా వెతుక్కున్నాం. మెచ్చడం వెనక ఈ వెతుకులాట ఉంది. దీన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం తప్పు.

పోతులూరి వీరబ్రహ్మం మఠం ఉన్న కందిమల్లాయపల్లె మా జిల్లాలోదే. ఎన్.టి. రామారావు తానే వేషం వేసి, దర్శకత్వం వహించిన శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర 1984లో విడుదలైంది. మా వైపు జనం బండ్లు కట్టుకుని పోయి చూశారు. వాడ జనానికి ఆ సినిమా మీద ప్రేమ ఎందుకు? బ్రహ్మంగారి చుట్టూ చేరినవాళ్ళలో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. సినిమాలో సిద్ధయ్య వేషం బాలకృష్ణ వేశారు. చూసి వచ్చినవాళ్ళ మనసుల్లో ఎక్కువగా నిలిచింది గురువూ సిద్ధయ్యా. మా వాడల్లో మాత్రం, "కక్కయ్య మనోడు" అన్న మాట సినిమాకు ముందూ ఉంది, తర్వాతా ఉంది.

కక్కయ్య కథ మీద కూడా తగువుంది. దేహంలో దేవతలుంటారని గురువు చెబితే, నిజమో కాదో చూద్దామని కక్కయ్య ఇంట్లో నిద్రపోతున్న భార్యను కోసి చూశాడంటారు. ఏమీ కనపడక గురువు మీద మండిపడితే, ఆయన ఆమెను బతికించి జ్ఞానం చెప్పాడంటారు. మగవాళ్ళు ఈ కథలో మాదిగ మనిషి ప్రశ్నించే గుణాన్ని చూస్తారు. గురువు మాటను కూడా పరీక్షకు పెట్టిన మనిషి కదా అంటారు. ఒక అక్క వేరే మాట అడిగింది: "కోసింది ఎవరిని? జ్ఞానం వచ్చింది ఎవరికి?" దళిత పురుషుడి గొప్పతనం కూడా దళిత స్త్రీ దేహం మీదే నిరూపణ కావాలా అన్న ఆమె ప్రశ్నకు మా పత్రికల్లో ఇంకా చోటు చాలదు.

హరిశ్చంద్ర సంగతీ ఇట్లాంటిదే. సినిమాగా ఎన్నిసార్లు వచ్చినా మా పెద్దలకు హరిశ్చంద్ర అంటే రాత్రంతా సాగే నాటకమే. కాటికాపరి పని మా కులాలకు అంటగట్టిన పని. రాజు ఆ పనికి దిగాడని జనం ఏడుస్తారు. తరతరాలుగా ఆ పని చేస్తున్నవాడి కోసం ఎవరూ ఏడవలేదు. అయితే కాటిసీనులో నటులు పాడిన పద్యాలు, జనం వన్స్‌మోర్ కొట్టిన పద్యాలు, గుర్రం జాషువావి. ఆయన రాసిన శ్మశానవాటి పద్యాలను నాటకాలవాళ్ళు తెచ్చుకుని అందులో కలిపేసుకున్నారు. వినుకొండలో పుట్టి, క్రైస్తవుడివని, అంటరానివాడివని అవమానాలు పడ్డ కవి మాట లేకుండా రాజు కాటిసీను రక్తికట్టలేదు. ఈ సంగతి తెలిసిన రోజు మా పెద్దాయన ఒకరు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అంటే మనోడి పద్యానికే మనం ఏడిచినామన్నమాట" అన్నాడు.

ఇక కరుణామయుడు. 1978లో విజయచందర్ ఏసుగా వేసిన ఈ సినిమా హాళ్ళలో ఆడి ఆగలేదు. తర్వాత ఎన్నో భాషల్లోకి మారి, ప్రొజెక్టరూ తెల్లగుడ్డా పట్టుకుని తిరిగే సువార్త బృందాలతో పల్లెపల్లెకూ పోయింది. ఈసారి తెర కట్టింది ఊరి నడుమ కాదు, మన వాడలో. చూడాలనుకున్న ఊరివాళ్ళు మన వీధిలోకి వచ్చి నిలబడి చూశారు. సినిమాలో ఏముందన్నది ఒక ఎత్తు, అది యాడ ఆడిందన్నది ఇంకో ఎత్తు. బౌద్ధం వైపు పోయిన మా మిత్రులు దీన్ని మతప్రచారమని తీసేస్తారు. వాళ్ళ విమర్శలో నిజముంది. ఆ రాత్రి వాడలో వెలిగిన తెర కూడా చరిత్రే.

మా నేల, వాళ్ళ కత్తి

1990ల చివర సినిమాకు రాయలసీమ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ప్రేమించుకుందాం రా (1997), సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002). ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్ళు అని రాష్ట్రమంతా నమ్మింది. మా యాస విలన్ యాస అయింది. జయప్రకాశ్ రెడ్డి ఆ యాసను గొప్పగా పలికాడు, మేమూ చప్పట్లు కొట్టాం. కాలేజీలకు పోయిన మా పిల్లలను మాత్రం "కడపోడా, బాంబు తెచ్చినావా?" అని ఎగతాళి చేశారు.

ఈ సినిమాల్లో కులం దాచిపెట్టలేదు, పేరులోనే ఉంది. రెడ్డి, నాయుడు. హీరో భూస్వామి, విలన్ భూస్వామి. మంచి భూస్వామి చెడ్డ భూస్వామిని నరుకుతాడు. జనం ఆయన కాళ్ళ మీద పడి దేవుడంటారు. ముఠా తగాదాల్లో నాయకుల వెంట నడిచి, జైళ్ళకు పోయి, చచ్చినవాళ్ళలో బీదరైతులు, కూలీలు, మన వాడల వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు తెర మీద పేరు లేదు, సుమో వెనక పరిగెత్తే గుంపుగా మిగిలారు. కరువు లేదు, వలస లేదు, కూలి రేటు లేదు. సీమ అంటే ఇద్దరు దొరల పగ అన్నట్టు తేల్చేశారు. మా కుర్రోళ్ళు ఆ సినిమాలకు బ్యానర్లు కట్టినారు, రక్తదానాలు చేసినారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. తొడగొట్టే హీరోలో వాళ్ళు చూసుకున్నది తమకు ఊళ్ళో దొరకని ధైర్యం. ఆ ధైర్యం రెడ్డి పేరు పెట్టుకుని వచ్చిందే అన్నది మా బాధ.

అదే రోజుల్లో, 1997లో, దాసరి ఒసేయ్ రాములమ్మ తీశారు. విజయశాంతి వేసిన రాములమ్మ తెలంగాణ దొరను ఎదిరించిన దళిత స్త్రీ. "ఒసేయ్" అన్న పిలుపును పేరులో పెట్టి, ఆ పిలుపు పిలిచేవాణ్ణే నిలదీసింది. బి. నర్సింగరావు దాసి (1988) ఇంకా లోతైన సినిమా. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. అయితే అది మా పల్లెలకు రానేలేదు. రాములమ్మ వచ్చింది. వాడ ఆడవాళ్ళు గుంపులుగా పోయి చూసినారు. కళాఖండం కాకపోవచ్చు. మన ఆడమనిషి చివరిదాకా తెర నడుమ నిలబడింది. మా అమ్మల తరానికి అది చాలా పెద్ద సంగతి.

కొత్త సినిమాలు, కొత్త తగువులు

మరాఠీలో నాగరాజ్ మంజులే ఫండ్రీ (2013), సైరాట్ (2016) తీశాడు. తమిళంలో పా. రంజిత్ కబాలి (2016), కాలా (2018), మారి సెల్వరాజ్ పరియేరుమ్ పెరుమాళ్ (2018) తీశారు. ఇవి మా పిల్లల ఫోన్లలోకి వచ్చాక తగువు కొత్త మలుపు తిరిగింది. "వాళ్ళు తీస్తాంటే మనోళ్ళు ఎందుకు తీయల్యా?" అన్నది ఇప్పుడు వాడలో వినిపించే ప్రశ్న. తేడా ఒక్కటే. అక్కడ కథ చెప్పేవాడు వాడ నుంచి వచ్చాడు. తెలుగులో డబ్బు, స్టూడియో, హాళ్ళు, హీరోల వారసత్వం కొన్ని కులాల చేతుల్లోనే తరాలుగా ఉండిపోయాయి.

అయినా గడ్డకట్టిన మంచు కొంచెం కదిలింది. కరుణకుమార్ పలాస 1978 (2020) ఉత్తరాంధ్ర జీడిపప్పు ఊళ్ళో ఆటా పాటా బతుకుగా ఉన్న దళిత కుటుంబంలోని అన్నదమ్ముల కథ. శేఖర్ కమ్ముల లవ్ స్టోరీ (2021)లో హీరో దళిత క్రైస్తవుడు. ఆ కులం కథలో అడుగడుగునా అతనికి అడ్డు తగులుతూనే ఉంటుంది. ధనుష్ అసురన్ (2019) తెలుగులో నారప్పగా 2021లో వచ్చింది, కథను అనంతపురం వైపు మార్చారు. సీమ భూమి మీద భూమి కోసం నిలబడ్డ బీద కుటుంబాన్ని ఒక పెద్ద హీరో వేయడం ఫ్యాక్షన్ సినిమాల తర్వాత మాకు ఊరటే.

ఊరటతో పాటు వెలితి కూడా ఉంది. అసురన్‌లో వెన్నెముక పంచమి భూముల చరిత్ర. 1892లో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకని కేటాయించిన భూములు ఎట్లా చేతులు మారాయో అన్నది దాని వెనక కథ. అప్పుడు కడప జిల్లా కూడా మద్రాసు కిందే ఉంది. మనకు దగ్గరి మాట చెప్పాలంటే డి.కె.టి. పట్టా ఉంది. అసైన్డ్ భూములు అమ్మరాదు, కొనరాదు అని 1977లో చట్టం వచ్చింది. ఆ చట్టం ఉండగానే పట్టా మన పేరు మీద, సాగు వేరేవాడి చేతిలో ఎట్లా ఉంటుందో వల్లూరులో అడిగినా పులివెందులలో అడిగినా చెబుతారు. తెలుగు సినిమా ఈ కథను చేతికి తీసుకోలేదు. కులం పేరు ఎత్తడానికి నోరు ఎంత తడబడిందో, భూమి చరిత్ర చెప్పడానికీ అంతే తడబడింది.

పెద్దలకు ఈ కొత్త సినిమాలంటే ఇంకో అభ్యంతరం. "కత్తి అదే, పట్టుకున్న చెయ్యి మారింది. దీనికి సంబరమా?" అంటారు. పడుచోళ్ళు, "ఇన్నేండ్లు మనం నరికించుకుంటే చూసినారే, ఇప్పుడు తిరగబడితే చేదైందా?" అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. మాకు తోచింది చెబుతాం. పరియేరుమ్ పెరుమాళ్‌లో హీరో కత్తి పట్టలేదు. లా కాలేజీకి పోయాడు, అవమానపడ్డాడు, చివరికి ఎదుటివాడి ముందు సమానంగా కూర్చుని మాట్లాడాడు. అది ఓటమిగా అనిపించలేదు. ఎదురు తిరగడం ఒక్క కత్తితోనే కాదని తెలుగు సినిమా ఇంకా నేర్చుకోవాలి.

ఈ వ్యాసంలో పాతవీ కొత్తవీ అన్ని సినిమాలకూ మేము పెట్టిన ప్రశ్న ఒక్కటే. కథలో మారింది ఎవరు, మార్చింది ఎవరు? మాలపిల్ల నుంచి రుద్రవీణ దాకా మారింది అగ్రహారం, దాన్ని మార్చింది మన మంచితనం. ఫ్యాక్షన్ సినిమాల్లో మారడానికి మనం అసలు లేనే లేము. పలాస దగ్గర మొదటిసారి మన మనుషులు తప్పు చేశారు, ఒప్పు చేశారు, తమ కథ తాము నడిపారు. ఈ ప్రశ్నతో మీకు నచ్చిన సినిమాను మళ్ళీ చూడండి. నచ్చడం మానుకోమని అనడం లేదు. మేమూ మానుకోలేదు.

చేయాల్సిన పని కూడా ఒకటుంది. టూరింగ్ టాకీసుల నాటి పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నేల మీద ఎవరు యాడ కూర్చున్నారు, బండి ముందు డప్పు ఎవరు కొట్టారు, ఏ సినిమా చూసి ఎవరు ఏమన్నారు అన్నది వాళ్ళ నోటనే ఉంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ తమ వాడల్లో అడిగి రాసిపెట్టాలి. ఏప్రిల్ 14న జయంతి సభ అయినాక దండలూ ఉపన్యాసాలతో ఆపకుండా, రాత్రికి వాడలో తెర కట్టి ఒక సినిమా వేసి, అయిపోయినాక దీపాలు వేసి మాట్లాడించాలి. ముందు ఆడవాళ్ళను మాట్లాడనివ్వాలి. వాళ్ళు అన్న ప్రతి మాటా రాసుకోవాలి, ఎంత చేదుగా ఉన్నా.